ఆకాశం ఎవరిది? హడ్సన్ మీద హెలికాప్టర్ల రొద

జెర్సీ సిటీలోనో, హోబోకెన్‌లోనో, న్యూయార్క్ హార్బరుకి అటువైపున్న బ్రూక్లిన్ హైట్స్‌లోనో కాపురం ఉంటున్న పాఠకులకి ఈ గొడవ పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతా ఊళ్ళలో ఉన్నవాళ్ళ కోసం చెప్తున్నాను. మబ్బు లేని శనివారం వచ్చిందంటే ఉదయం కాఫీ అయ్యేలోపే మొదటి హెలికాప్టర్ వస్తుంది. అది వెళ్ళిందని ఊపిరి పీల్చుకునేలోగా రెండోది. స్వేచ్ఛా ప్రతిమ చుట్టూ ఒక ప్రదక్షిణం, హడ్సన్ నది మీదుగా జార్జి వాషింగ్టన్ వంతెన దాకా ఒక విహారం, మళ్ళీ వెనక్కి. పదిహేను నిమిషాలో ఇరవై నిమిషాలో. లోపల కూర్చున్నవాళ్ళకి అది జీవితంలో ఒక్కసారి వచ్చే అనుభవం. కింద ఉన్నవాళ్ళకి అదే అనుభవం రోజుకి పదులసార్లు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

నేను జెర్సీ సిటీలో నది ఒడ్డుకి దగ్గరగానే ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ అయినా మాస్టర్స్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ చదివాను కాబట్టి ఈ చప్పుడు చెవిలోనే కాకుండా బుర్రలో కూడా పడింది. ఇన్ని వేలమంది వద్దంటున్నా, రెండు రాష్ట్రాల నాయకులు వద్దంటున్నా, ఇది ఎందుకు ఆగదు? నాకు అర్థమైనంతలో ఆ కథ ఇది.

ముందు దారి సంగతి. మాన్‌హాటన్ దక్షిణ కొసలో, వాల్ స్ట్రీట్‌కి నాలుగడుగుల దూరంలో, ఈస్ట్ రివర్ మీద పియర్ 6 అని ఒక రేవు ఉంది. దాని మీదే డౌన్‌టౌన్ హెలిపోర్టు. 1960 నుంచీ ఉంది. నగర ప్రభుత్వం సొత్తు. న్యూయార్క్ నగరం నడిబొడ్డున పర్యాటకులని ఎక్కించుకునే చోటు ఇప్పుడు ఇదొక్కటే. ఇక్కణ్ణించి లేచిన హెలికాప్టర్ నీళ్ళమీదే ఎగరాలి, నేలమీదకి రాకూడదు అని 2010లో నగరం, ఆపరేటర్లు ఒక పద్ధతికి వచ్చారు. వినడానికి బాగానే ఉంది. కానీ నది మీద కూడా ట్రాఫిక్ రూల్స్ ఉన్నాయి కదా. 2009 ఆగస్టు 8న హడ్సన్ మీద ఒక చిన్న విమానం, ఒక విహార హెలికాప్టర్ ఢీకొని తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తర్వాత ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, అదే ఎఫ్.ఏ.ఏ., నది మీది గగనతలానికి ప్రత్యేక నిబంధనలు పెట్టింది. ఉత్తరానికి వెళ్ళేవాళ్ళు తూర్పు ఒడ్డున, అంటే మాన్‌హాటన్ వైపున వెళ్ళాలి. దక్షిణానికి తిరిగి వచ్చేవాళ్ళు పడమటి ఒడ్డు పట్టుకుని రావాలి. పడమటి ఒడ్డు అంటే మన న్యూజెర్సీ. ప్రాణాలు కాపాడటానికి పెట్టిన రూలు, పెట్టాల్సిన రూలే. దాని వల్ల జరిగేదేమిటంటే, టికెట్టు డబ్బులు న్యూయార్క్‌కి, తిరుగు ప్రయాణం చప్పుడు మనకి.

ఇక చప్పుడు సంగతి. ఇక్కడ కొంచెం చదువుకున్న చదువు బయటికి తీస్తాను, ఓపిక పట్టండి.

విమానం హోరు ఒక రకం, హెలికాప్టర్ దరువు ఇంకో రకం. బెల్ 206 లాంగ్ రేంజర్ అనే పాత తరం హెలికాప్టర్‌ని తీసుకుందాం. పైన రెండు రెక్కలు. నిమిషానికి 394 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకి దాదాపు 13 సార్లు ఒక రెక్క గాలిని కొడుతుంది. రెక్క కొస వేగం సెకనుకి 230 మీటర్ల పైమాటే, ధ్వని వేగంలో మూడింట రెండొంతులు. సెకనుకి 13 దెబ్బలు అంటే మనిషి చెవికి అందే 20 హెర్ట్జ్ కన్నా కిందే. మరి వినపడుతున్నదేమిటి? దాని గుణిజాలు. 26, 39, 52, ఇలా పైకి వెళ్తూ ఉంటాయి. ఈ తక్కువ పౌనఃపున్యాల ధ్వనిని కిటికీ అద్దాలు ఆపలేవు, పైపెచ్చు అద్దమే ఆ తాళానికి కంపిస్తుంది. ఇంట్లో అల్మారాలో గాజు సామాను గలగలమంటుంటే అది భూకంపం కాదన్నమాట. పైగా ఒక రెక్క వదిలిన గాలి సుడిని వెనకాలే వచ్చే రెక్క కోసినప్పుడు ‘టప టప టప’ అని ఒక పదునైన శబ్దం పుడుతుంది. దిగేటప్పుడూ, మలుపు తిరిగేటప్పుడూ అది మరీ ఎక్కువ. స్వేచ్ఛా ప్రతిమ చుట్టూ చేసేది మలుపులే కదా! దీనికి తోడు నీరు ధ్వనిని పీల్చుకోదు, వెనక్కి కొడుతుంది. ఒడ్డు పొడుగునా ఉన్న అద్దాల మేడలూ అంతే. చెట్లూ పొలాలూ ఉన్నచోట ఇదే హెలికాప్టర్ ఇంత రొద చెయ్యదు.

ఈ రొదని కొలిచే పద్ధతిలోనే ఒక మెలిక ఉంది. మామూలుగా వాడే డెసిబెల్ కొలతకి ‘ఏ-వెయిటింగ్’ అని ఒక సవరణ ఉంటుంది. మనిషి చెవి ఏ పౌనఃపున్యానికి ఎంత స్పందిస్తుందో చూసి, దాని ప్రకారం కొన్నిటిని తగ్గించి లెక్కేస్తారు. 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెళ్ళు తీసేస్తుంది. అంటే కిటికీని ఊపే భాగమే లెక్కలో ఆనదు. మీటరు చూపించే అంకెకి, ఇంట్లో మనిషి పడే బాధకి పొంతన కుదరకపోవడానికి ఇది ఒక కారణం.

అసలు మెలిక సగటులో ఉంది. విమానాల శబ్దం ‘గణనీయం’ అనిపించుకోవాలంటే ఎఫ్.ఏ.ఏ. లెక్కలో పగలూ రాత్రీ కలిపిన సగటు 65 డెసిబెళ్ళు రావాలి. దీన్ని డి.ఎన్.ఎల్. అంటారు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక హెలికాప్టర్ మన ఇంటిముందు నుంచి వెళ్ళినప్పుడు వచ్చే మొత్తం ధ్వని శక్తిని ఒక్క సెకనులోకి కుదిస్తే అది 85 డెసిబెళ్ళు అనుకుందాం. ఇది నేను లెక్క కోసం తీసుకున్న అంకె, ఏ మీటరూ చూపించినది కాదు. రోజులో 86,400 సెకన్లు. ఆ ఒక్క చప్పుణ్ణి రోజంతా పరిస్తే వచ్చే సగటు 35.6. ఏ గ్రంథాలయంలోనో ఉండేంత నిశ్శబ్దం! అలాంటివి రోజుకి వంద వెళ్ళినా సగటు 55.6 దగ్గర ఆగుతుంది. 65 చేరాలంటే ఎన్ని కావాలో లెక్కవేశాను. సుమారు 870. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా 41 సెకన్లకి ఒకటి చొప్పున వెళ్తే గానీ ప్రభుత్వ కాగితాల్లో అది గణనీయమైన శబ్దం కాదు. రోజులో వంద దరువులు పడ్డ మనిషిని, మిగతా సమయం నిశ్శబ్దంగానే ఉందిగా అని ఓదార్చడం లాంటిదే ఈ సగటు.

ఇందులోనే ఇంకొకటి. రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా వచ్చే శబ్దానికి 10 డెసిబెళ్ళు కలిపి లెక్కేస్తారు, జనం నిద్రపోయే వేళ కాబట్టి. మంచిదే. మా పై అంతస్తులో గుంటూరు వైపు ఆవిడ ఒకరు ఉన్నారు, మేమంతా అక్కా అంటాం. నర్సు. రాత్రి షిఫ్టు. పొద్దున్న ఎనిమిదింటికి ఇంటికొచ్చి, పిల్లల్ని బడికి పంపి పడుకుంటారు. సరిగ్గా అప్పుడే హెలికాప్టర్లు మొదలవుతాయి. చెవుల్లో దూది, కిటికీకి మందపాటి తెర, ఫ్యాను హోరు, అన్నీ చూశారు. “మైకు మోతైతే ఎదురింటికెళ్ళి దెబ్బలాడొచ్చు తమ్ముడూ, దీనికి ఎవరింటికెళ్ళాలి?” అన్నారొకసారి. ఆవిడ నిద్రకి డి.ఎన్.ఎల్. లెక్కలో అదనంగా ఒక్క డెసిబెల్ కూడా రాదు. ఇండియా వేళలకి పనిచేసి పగలు పడుకునే మన ఐటీ వాళ్ళకీ రాదు.

ఈ 65 అనే గీత మీద ఎఫ్.ఏ.ఏ.కే అనుమానాలు వచ్చాయి. పెద్ద విమానాశ్రయాల పరిసరాల్లో పదివేలమందికి పైగా జనాన్ని అడిగి చేసిన సర్వే ఫలితాలని 2021 జనవరిలో ప్రకటించారు. పాత అంచనా ప్రకారం 65 దగ్గర తీవ్రంగా చికాకు పడేవాళ్ళు 12 శాతం. కొత్త సర్వేలో 60 నుంచి 70 శాతం. జనం మారారో, అప్పటి లెక్కే సరికాదో, ఆ చర్చ అలా ఉంచి, గీత మాత్రం ఉన్నచోటే ఉంది. గమనించండి, ఈ సర్వే మామూలు విమానాల గురించి. హెలికాప్టర్ దరువు మీద అడిగి ఉంటే ఏం వచ్చేదో.

సరే, చప్పుడు ఉందని ఒప్పుకుందాం. అక్క అడిగిన ప్రశ్న మిగిలే ఉంది. ఎవరింటికెళ్ళాలి?

ఆకాశం ఎవరిదన్న ప్రశ్నకి అమెరికాలో జవాబు చెప్పింది కోళ్ళు అంటే నమ్ముతారా? రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నార్త్ కరొలైనాలో కాజ్బీ అనే రైతుకి కోళ్ళఫారం ఉండేది. పక్కనే ఉన్న విమానాశ్రయానికి వచ్చే సైనిక విమానాలు ఆయన పొలం మీద 83 అడుగుల ఎత్తున వెళ్ళేవి. ఆ మోతకి కోళ్ళు బెదిరిపోయి గోడలకి కొట్టుకుని చచ్చాయి. 150 దాకా. ఆయన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1946లో కోర్టు రెండు మాటలు చెప్పింది. భూమి ఉన్నవాడికి దాని మీది ఆకాశమంతా సొంతం అనే పాతకాలపు సూత్రం ఇక చెల్లదు, ఎగిరే దారి అందరికీ ఉమ్మడి రహదారి. అయితే నేలకి ఆనుకుని ఉన్న కాస్త గాలి మాత్రం భూయజమానిదే, అక్కడికొచ్చి అతని బతుకు చెడగొడితే పరిహారం ఇవ్వాలి. రైతుకి న్యాయం జరిగింది. మనకి మాత్రం ఆకాశం పోయింది.

పోనీ ఊరు తరఫున మునిసిపాలిటీ ఏదైనా చెయ్యొచ్చా? కాలిఫోర్నియాలో బర్‌బ్యాంక్ అనే ఊరు చేసింది. రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా జెట్ విమానాలు ఎగరకూడదని ఆర్డినెన్సు తెచ్చింది. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టేసింది. గగనతలం ఫెడరల్ ప్రభుత్వానిది, ఊరికో రూలు పెడితే విమానాలు నడవవు అని. కానీ అదే తీర్పులో ఒక ఫుట్‌నోట్ ఉంది. విమానాశ్రయానికి యజమానిగా ఉన్న ఊరి సంగతి వేరే కావచ్చు, దాని గురించి మేమిక్కడ చెప్పట్లేదు అని. గత యాభై ఏళ్ళుగా హెలికాప్టర్ల మీద పోరాటమంతా ఆ ఒక్క ఫుట్‌నోట్ సందులోంచే నడుస్తోంది.

న్యూయార్క్ ఆ సందులో దూరింది. తూర్పు 34వ వీధిలో నగరానికే ఇంకో హెలిపోర్టు ఉంది. 1990లలో అక్కడ విహారయాత్రల జోరు ఎక్కువై చుట్టుపక్కల వాళ్ళు గోలపెడితే నగరం వేళలు కుదించింది, వారాంతాలు ఎత్తేసింది, మొత్తం ప్రయాణాలని 47 శాతం తగ్గించమంది, ఏ దారిలో వెళ్ళాలో కూడా చెప్పింది. ఆపరేటర్ కోర్టుకి వెళ్ళాడు. 1998లో అప్పీలు కోర్టు ఏమందంటే, నీ స్థలం కాబట్టి ఎప్పుడు ఎక్కాలి, ఎన్నిసార్లు ఎక్కాలి అన్నది నువ్వు చెప్పొచ్చు, గాల్లోకి లేచాక ఏ దారిన పోవాలో చెప్పే అధికారం నీకు లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా కథ అంతా అర్థమవుతుంది. నగరం చేతిలో ఉన్నది గేటు తాళం ఒక్కటే. ఆ తాళం నగరం సొంత గేటుకి తప్ప వేరే గేటుకి పట్టదు.

అప్పటినుంచీ జరిగింది చూడండి. 34వ వీధిలో విహారయాత్రలు ఆగాయి. పడమటి 30వ వీధి హెలిపోర్టు హడ్సన్ రివర్ పార్కు చట్టం పరిధిలో ఉంది. పార్కు అభిమానులు దావా వేసి 2008లో రాజీ సాధించారు, 2010 వసంతానికల్లా అక్కడా విహారయాత్రలు పోయాయి. రెండు పేటలవాళ్ళూ పండగ చేసుకున్నారు. హెలికాప్టర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, అన్నీ డౌన్‌టౌన్ పియర్ 6కి చేరాయి. ఇప్పుడు గోల బ్రూక్లిన్ హైట్స్‌ది, బాటరీ పార్కుది, గవర్నర్స్ ఐలండ్‌లో పిల్లల్ని ఆడించుకునే తల్లిదండ్రులది. ‘స్టాప్ ద చాప్’ అనే వాలంటీర్ల సంఘం పుట్టింది. పేరులో న్యూయార్క్‌తో పాటు న్యూజెర్సీ కూడా పెట్టుకున్నారు, అది ఊరికే కాదు.

వాళ్ళ ఒత్తిడి ఫలించి 2016 మొదట్లో నగరానికీ ఆపరేటర్లకీ ఒప్పందం కుదిరింది. ఏడాదికి 60 వేల దాకా ఉన్న విహారయాత్రలని ఏడాదిలోగా సగానికి తగ్గించాలి. ఏప్రిల్ నుంచి ఆదివారాలు అసలు వద్దు. గవర్నర్స్ ఐలండ్ మీంచి పోవద్దు. చట్టం కాదు, ఇష్టపడి పెట్టిన సంతకం, అందుకే కోర్టు గొడవ లేకుండా అమలైంది. పెద్ద విజయమే, కాదనను. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. 30 వేలు అంటే ఆదివారాలు పోను రోజుకి సగటున 95. ఒక్కోటీ వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి. ఇందాకటి డెసిబెళ్ళ లెక్కలో సగం తగ్గించడం అంటే 3 డెసిబెళ్ళు తగ్గడం, మనిషి చెవి తేడా పట్టగలిగే కనీసానికి కాస్త అటూ ఇటూ. పియర్ 6లో సీట్లు తగ్గేసరికి వ్యాపారం నదికి ఇవతలి గట్టున న్యూజెర్సీలో ఊపందుకుంది. కెర్నీలో ప్రైవేటు హెలిపోర్టు ఉంది, లిండెన్‌లో చిన్న విమానాశ్రయం ఉంది. అక్కణ్ణించి లేచేవాటికి 2016 ఒప్పందం వర్తించదు. ఆదివారం సెలవూ లేదు, లెక్కకి హద్దూ లేదు. న్యూయార్క్ పెట్టిన తాళం న్యూజెర్సీ గేటుకి పట్టదు మరి. గాలిబుడగని ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుతుంది, ఉబ్బినచోట మనం కాపురముంటున్నాం.

నేను ఒకసారి టైము, దిక్కు, తోక మీది నంబరు అన్నీ రాసి ఒక కార్యాలయానికి ఫిర్యాదు పంపాను. మర్యాదగానే జవాబొచ్చింది. మీరు చెప్పిన హెలికాప్టర్ నిబంధనల ప్రకారమే ఎగిరింది అని. నిజమే, అబద్ధం కాదు. జనసమ్మర్దం ఉన్నచోట విమానం అన్నిటికన్నా ఎత్తయిన కట్టడానికి వెయ్యి అడుగుల పైన ఎగరాలి. హెలికాప్టర్‌కి ఆ హద్దు లేదు, కిందివాళ్ళకి ప్రమాదం లేకుండా ఉంటే చాలు. ఇక్కడ చప్పుడు చేసేవాళ్ళెవరూ చట్టం తప్పట్లేదు. అదే చిక్కు.

ప్రమాదం మాట వచ్చింది కాబట్టి. 2018 మార్చి 11న తలుపులు తీసేసి ఫొటోల కోసం తిప్పే హెలికాప్టర్ ఒకటి ఈస్ట్ రివర్‌లో పడింది. ఒక ప్రయాణికుడి భద్రతా తాడు పొరపాటున ఇంధనం ఆపే మీటకి తగులుకుంది. నీళ్ళలో తలకిందులైన హెలికాప్టర్‌లోంచి, ఆ తాళ్ళు విప్పుకోలేక అయిదుగురు ప్రయాణికులూ మునిగిపోయారు, పైలట్ ఒక్కడే బయటపడ్డాడు. అది లేచింది కెర్నీ నుంచి. 2025 ఏప్రిల్ 10న ఒక బెల్ 206 గాల్లోనే ముక్కలై జెర్సీ సిటీ ఒడ్డు దగ్గర హడ్సన్‌లో పడింది. స్పెయిన్ నుంచి వచ్చిన ఒక కుటుంబం, ముగ్గురు పిల్లలతో సహా అయిదుగురు, పైలట్, ఎవరూ మిగల్లేదు. జార్జి వాషింగ్టన్ వంతెన దగ్గర తిరిగి, మన ఒడ్డు పట్టుకుని దక్షిణానికి వస్తున్న దారిలోనే అది జరిగింది. ఆ రోజు నుంచి మా వీధిలో ఈ చప్పుడు విన్నప్పుడు జనం విసుక్కోవడం తగ్గి తలెత్తి చూడటం ఎక్కువైంది. శబ్దం గురించి మాట్లాడితే సున్నితం ఎక్కువైందని నవ్వేవాళ్ళు కూడా ఆ వారం నవ్వలేదు.

అవతలి పక్షం వాదన కూడా వినాలి. పైలట్లు, మెకానిక్కులు, టికెట్లు అమ్మే పిల్లలు, అందరివీ ఉద్యోగాలే. హెలిపోర్టు నగరానికి అద్దె కడుతుంది. పర్యాటకం లేకపోతే న్యూయార్క్ లేదు. పెద్ద నగరంలో నది ఒడ్డున ఇల్లు కొనుక్కుని నిశ్శబ్దం కావాలంటే ఎలా అని అడిగేవాళ్ళున్నారు. న్యూయార్క్ 311 నంబరుకి 2023లో హెలికాప్టర్ల మీద 59 వేల ఫిర్యాదులు వస్తే, చేసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ చేశారు అనేవాళ్ళూ ఉన్నారు. మళ్ళీ మళ్ళీ వచ్చినదాని మీద మళ్ళీ మళ్ళీ చెయ్యక ఏం చేస్తారు అని నాకు అనిపిస్తుంది కానీ, ఆ ప్రశ్న అడగదగ్గదే. ఇంకో సంగతి. పోలీసు హెలికాప్టర్లూ, ఆసుపత్రికి రోగిని తెచ్చేవీ ఆపమని ఈ సంఘాలవాళ్ళు అడగట్లేదు. సరదా ప్రయాణాల గురించే గొడవ.

ఆ సరదాలో మన వాటా తక్కువేం కాదు. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. నయాగరా, వాషింగ్టన్, ఆపైన ‘హెలికాప్టర్ రైడ్’. మా నాన్నగారు కూడా ఎక్కారు. దిగాక వారం రోజులు ఫోనులో ఊళ్ళోవాళ్ళందరికీ అదే వర్ణన, లిబర్టీ అమ్మవారి కిరీటం చెయ్యి చాస్తే అందేట్టుందని. డెబ్బై ఏళ్ళ మనిషి ముఖంలో ఆ వెలుగు చూసినవాణ్ణి కాబట్టి ఎక్కేవాళ్ళంతా దుర్మార్గులని నేను రాయలేను. అయితే ఆ నాన్నగారే మా ఇంట్లో మూడు నెలలున్నారు. మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి “మళ్ళీ వచ్చాడ్రా నీ హెలికాప్టర్ వాడు” అని లేచి కూర్చునేవారు. రెండూ ఒకే మనిషి అనుభవాలు. ఈ సమస్యకి విలన్ దొరక్కపోవడం కూడా దీన్ని తేల్చనివ్వట్లేదు.

మరి దేశంలో ఎక్కడా ఇది అదుపులోకి రాలేదా అంటే, వచ్చింది. కాంగ్రెస్ కలగజేసుకున్నచోట వచ్చింది. 1986 జూన్‌లో గ్రాండ్ కాన్యన్ మీద రెండు విహార యంత్రాలు ఢీకొని 25 మంది చనిపోతే మరుసటి ఏడే చట్టం వచ్చింది. 2000లో జాతీయ ఉద్యానవనాలకి వర్తించే చట్టం చేశారు. దాని ప్రకారం హవాయి అగ్నిపర్వతాల పార్కు మీద ఏడాదికి 11 వేల పైచిలుకు ఉన్న విహారయాత్రలని 1,548కి కుదించే ప్రణాళిక తయారైంది, అదీ కోర్టు గట్టిగా చెప్పాక. ఎఫ్.ఏ.ఏ. కూడా చెయ్యలేనిది కాదు. లాంగ్ ఐలండ్ ఉత్తర తీరంలో సంపన్నుల ఇళ్ళ మీద హాంప్టన్స్ హెలికాప్టర్ల రొద ఎక్కువైతే, 2012లో నీళ్ళ మీదుగా వెళ్ళాలని తప్పనిసరి దారి గీసింది. ఆపరేటర్లు కోర్టుకెక్కితే 2013లో ఎఫ్.ఏ.ఏ.దే గెలుపు, శబ్దం తగ్గించడం కోసం కూడా దారి గీయొచ్చని తీర్పు. ఆ రూలు గడువు 2022లో తీరిపోయింది, అది వేరే సంగతి. అధికారం ఉందని మాత్రం రుజువైంది.

ఊళ్ళు సొంతంగా ప్రయత్నిస్తే మాత్రం దెబ్బే. హాంప్టన్స్‌లోనే ఈస్ట్ హాంప్టన్ తన సొంత విమానాశ్రయం మీద ఆంక్షలు పెడితే, 1990 నాటి ఫెడరల్ శబ్ద చట్టం చెప్పిన తతంగం పాటించలేదని 2016లో అప్పీలు కోర్టు ఆపేసింది. 2019లో న్యూయార్క్ ఎంపీలు మలోనీ, నాడ్లర్, వెలాస్కెజ్ నగరం మీద అనవసర హెలికాప్టర్లని నిషేధించే బిల్లు కాంగ్రెస్‌లో పెట్టారు, ముందుకి సాగలేదు. 2022లో, హెలికాప్టర్ రొద మీద పౌరులే దావా వేసుకోవచ్చని న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ బిల్లు పాస్ చేస్తే గవర్నర్ హోకుల్ వీటో చేశారు. ఇటువైపు అప్పటి జెర్సీ సిటీ మేయరు స్టీవెన్ ఫులప్, హోబోకెన్ మేయరు రవి భల్లా విహారయాత్రలు ఆపాలని బహిరంగంగానే అడిగారు. అడగ్గలిగారు, అంతే. వాళ్ళ ఊళ్ళలో తాళం వెయ్యడానికి గేటే లేదు.

2025 ఏప్రిల్ ప్రమాదం జరిగిన రెండు వారాలకి న్యూయార్క్ సిటీ కౌన్సిల్ ఒక చట్టం చేసింది. శబ్దంలో అత్యంత కఠినమైన ఫెడరల్ ప్రమాణం, అదే స్టేజ్ 3, అందుకోని అనవసర హెలికాప్టర్లని నగరం హెలిపోర్టుల్లో ఎక్కనివ్వరు, దిగనివ్వరు. అమలు 2029 డిసెంబరు నుంచి. మళ్ళీ అదే సూత్రం, సొంత గేటుకే తాళం. ఇక మిగిలింది విద్యుత్ యంత్రాలు. 2023 నవంబరులో జోబీ అనే కంపెనీ పియర్ 6 దగ్గర తన విద్యుత్ విమానం ఎగరేసి చూపించింది. నిజంగానే చప్పుడు చాలా తక్కువ, ఆరు చిన్న ఫ్యాన్లు, పెద్ద రెక్కల దరువు లేదు. ఇంజనీరుగా నాకు ముచ్చటేసింది. కెర్నీలో మాత్రం పాత యంత్రాన్ని మార్చుకోమని ఎవరూ అడగరు, అది పనిచేసినంత కాలం తిరుగుతూనే ఉంటుంది.

ఫిర్యాదు చెయ్యదలిస్తే కొన్ని వివరాలు. న్యూయార్క్ నగరంలో ఉన్నవాళ్ళకి 311. న్యూజెర్సీ వాళ్ళు 311కి చేస్తే లాభం లేదు, ఎఫ్.ఏ.ఏ. వెబ్‌సైట్‌లో నాయిస్ పోర్టల్ ఉంది, అందులో రాయండి. నది మీద ఎగిరేవన్నీ తమ ఉనికిని రేడియోలో ప్రసారం చెయ్యాలని 2020 నుంచి నిబంధన, కాబట్టి ఫ్లైట్‌రాడార్ లాంటి యాప్ తెరిస్తే తలమీద ఉన్నది ఏదో, ఎంత ఎత్తులో ఉందో, ఎక్కణ్ణించి లేచిందో దాదాపు ఎప్పుడూ తెలుస్తుంది. తోక నంబరు, సమయం, దిక్కు, ఎత్తు రాయండి. కెర్నీ, లిండెన్ నుంచి లేచినవైతే ఆ మాట విడిగా రాసి, ఒక ప్రతి మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి పంపండి. మా భవనంలో పైన చెప్పిన అక్క ఇప్పుడు ఆ యాప్ నాకన్నా వేగంగా వాడుతున్నారు. నిద్ర పట్టనప్పుడు చేసే పని అదేనట.